కలపే కూలి అయితే కొమ్మకు దిక్కేది?

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం ముదిరేసరికి బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వీధుల్లో కొమ్మలు కొట్టే పని మొదలవుతుంది. కాలబైశాఖి అనే ఎండాకాలపు ఈదురుగాలికి కరెంటు తీగల మీద కొమ్మలు పడకూడదని, అక్టోబరు తుపానుకు చెట్టు ఇంటి మీద ఒరగకూడదని చేయించే పని ఇది. ఉద్దేశం మంచిదే. చేసే తీరు మాత్రం చెట్టును ఇంకా బలహీనం చేస్తోంది, ఎక్కినవాడి ప్రాణం మీదికి తెస్తోంది. చెట్ల పని చేసేవాళ్లం, చేయించేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

చిక్కంతా డబ్బు దగ్గరుంది. చాలా చోట్ల కొమ్మలు కొట్టే మేస్త్రీకి కూలి ఇవ్వరు, ఇచ్చినా నామమాత్రం. కొట్టిన కలప నువ్వే తీసుకుపో అంటారు. ఆకుకూ పుల్లకూ ధర రాదు, అమ్ముడుపోయేది లావు దుంగ. అందుకని తీయాల్సిన ఎండు కొమ్మ, తీగకు తగులుతున్న సన్న కొమ్మ చెట్టు మీదే ఉండిపోతాయి. ముట్టుకోకూడని పెద్ద కొమ్మ ట్రాక్టరెక్కి పోతుంది. ఇందులో మేస్త్రీని తప్పు పట్టి లాభం లేదు. అతనికి ఆ రోజు గిట్టుబాటు అయ్యే దారి మనమే చూపించాం. పురపాలక సంస్థ అయినా, అపార్ట్‌మెంట్ సంఘమైనా, బడి అయినా, గుడి అయినా పనికి కూలి వేరుగా, కలప వేలం వేరుగా పెట్టనంత కాలం ఎన్ని శిక్షణలిచ్చినా రంపం లావు కొమ్మ మీదే పడుతుంది.

తల నరికేస్తే గాలి పట్టదు కదా అని చాలామంది అనుకుంటారు. మొదటి ఏడాది నిజమే, పట్టుకోవడానికి ఆకే ఉండదు. ఆ తర్వాత నరికిన మోడు చుట్టూ బెరడు కింద నుంచి గుత్తులుగా పిలకలు లేస్తాయి. వేప, కానుగ, తురాయి అయితే రెండు మూడేళ్లలో ఒక్కో పిలక పది పన్నెండు అడుగులు సాగుతుంది. మామూలు కొమ్మ చిన్ననాటి నుంచి కాండంతో పాటు ఏటేటా పొర మీద పొర అల్లుకుంటూ పెరుగుతుంది కాబట్టి దాని మొదలు చేవలో నాటుకుని ఉంటుంది. ఈ పిలక పట్టు పైపై పొరలోనే. ఈలోగా మోడు మధ్య నుంచి నీరు దిగి లోపల పుచ్చు పడుతుంది. పుచ్చిన మోడు మీద బరువైన పిలకల గుత్తి ఉన్నప్పుడు గాలి కొడితే ఏమవుతుందో విడిగా చెప్పక్కర్లేదు. ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను చిందరవందర చేసింది 2018 అక్టోబరు 11న. ఈ నేలకు గాలి ఏ నెలలో వస్తుందో అందరికీ తెలుసు. ఈ ఏడాది మోడు చేసిన చెట్టు ఈ అక్టోబరుకు నిలబడొచ్చు. మూడో అక్టోబరుకో నాలుగో అక్టోబరుకో దాని పిలకలే ఊడి కింద పడతాయి.

మరి ఎలా కోయాలి? కొమ్మ మొదట్లో, కాండాన్ని అంటిన చోట, చుట్టూ కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. దాన్ని కాలర్ అంటారు. పైన పంగలో బెరడు ముడత పడి గరుకుగా ఒక గీత ఉంటుంది. కోత ఆ గీతకు బయట మొదలై కాలర్‌కు బయట ముగియాలి. కాలర్‌ను కోసుకుపోకూడదు, జానెడు మొండి వదలకూడదు. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షిగో వేల చెట్లను నిలువునా కోసి చూపించింది ఇదే. మనిషి చర్మంలా చెట్టు గాయం మానదు. పుచ్చు లోపలికి పాకకుండా చుట్టూ గోడ కట్టుకుంటుంది, పైన కొత్త పొర కప్పుకుంటుంది. గట్టి గోడ కాలర్ దగ్గరే ఉంటుంది. నున్నగా ఉండాలని కాండానికి సమంగా చెక్కేస్తే ఆ గోడ పోతుంది. మొండి వదిలితే కొత్త పొర దాని మీదుగా మూసుకోలేదు, అది పుచ్చుకు దారి అవుతుంది.

చేతి మణికట్టు కంటే లావైన కొమ్మను ఒక్క కోతతో దించకూడదు. మొదట కాండానికి అడుగు దూరంలో కొమ్మ అడుగు నుంచి మందంలో మూడో వంతు కోయాలి. రెండో కోత దానికి రెండు మూడు అంగుళాలు బయటగా పై నుంచి. కొమ్మ బరువు అక్కడికక్కడే విరిగి పడిపోతుంది. మిగిలిన మొండిని చేత్తో పట్టుకుని కాలర్ పక్కన మూడో కోత. మొదటి కోత మానేస్తే కొమ్మ వాలుతూ కాండం బెరడును నాలుగైదు అడుగుల మేర చీల్చుకుపోతుంది. చింతకూ వేపకూ ఇది మరీ ఎక్కువ. ఆ చీలిక పూడ్చుకోవడానికి చెట్టుకు ఏళ్లు పడుతుంది.

ఒక ఏడాదిలో పచ్చి ఆకులో పాతిక శాతానికి మించి తీయకూడదు. ముసలి చెట్టుకైతే పది శాతం కూడా ఎక్కువే. కొమ్మ పొడవు తగ్గించాలంటే మధ్యలో నరక్కుండా, నరికే కొమ్మ మందంలో కనీసం మూడో వంతున్న పక్క కొమ్మ దాకా వెనక్కి వచ్చి కోయాలి. అప్పుడు ఆ పక్క కొమ్మే చివరగా మారి రసాన్ని లాక్కుంటుంది. పది సెంటీమీటర్లకు మించిన గాయం చేయాల్సి వస్తే ఆ కొమ్మ తీయడం తప్పనిసరా అని రెండుసార్లు ఆలోచించాలి. లోపలి కొమ్మలన్నీ గొరిగేసి చివర్లలో మాత్రం ఆకు ఉంచే పద్ధతి ఒకటుంది, చూడ్డానికి శుభ్రంగా కనబడుతుంది. దానితో బరువంతా కొసకు చేరి గాలికి ఊపు పెరుగుతుంది, కొమ్మ నడిమికి విరుగుతుంది.

కోతకు తారు పూయడం, పేడ మెత్తడం పుచ్చును ఆపవు. తారు కింద తేమ నిలిచి బూజు ఇంకా హాయిగా పెరుగుతుంది. మామిడి తోటల్లో బంక కారే తెగులుకు మైలుతుత్తం, సున్నం కిలో చొప్పున పది లీటర్ల నీళ్లలో కలిపి పూసే బోర్డో పేస్టు సంగతి వేరు, అది రోగానికి మందు.

కొబ్బరికి ఈ లెక్కలేవీ వర్తించవు. దానికి కాలర్ లేదు, గాయాన్ని కప్పే పొరా లేదు. కాండం మీద పడ్డ గంటు చెట్టు బతికినంత కాలం అలాగే ఉంటుంది. ఎక్కడానికి మెట్లుగా గంట్లు పెట్టడం, కాళ్లకు ఇనుప ముళ్లు కట్టుకుని ఎక్కడం రెండూ తప్పే. తాజా గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. మొవ్వు వాడిపోయి కనబడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. తుపానుకు ముందు కొబ్బరికి చేయాల్సిందల్లా ఎండు మట్టలు, ఎండు గెలలు, ముదిరిన కాయలు దించడం. పచ్చ మట్టలు నరికి తల మీద నాలుగు ఆకులు వదిలితే గాలికి మేలేమీ జరగదు, కాపు మాత్రం పోతుంది. మిగతా చెట్లకూ ఇనుప ముళ్ల విషయంలో నియమం ఇదే. మొదలంటా కొట్టేసే చెట్టుకే వాటిని వాడాలి, ఉంచే చెట్టుకు వాడకూడదు.

ఇక మనిషి సంగతి. టెండరు కాగితం మీద ‘సేఫ్టీ బెల్ట్’ అని ఒక మాట రాసి ఉంటుంది. దానికి భవన నిర్మాణంలో వాడే బెల్టు కొనిపెట్టి పద్దు చూపిస్తారు. నడుముకు మాత్రమే కట్టే బెల్టుతో పడితే పక్కటెముకలూ నడుమూ దెబ్బతింటాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 3521 ముద్ర ఉన్న, ఒళ్లంతా పట్టే హార్నెస్ (పట్టీల అమరిక) మంచిదే, కానీ అది పడిపోయేవాణ్ని ఆపడానికి చేసింది, దాని కొక్కెం వీపు మీద ఉంటుంది. చెట్టు మీద పనివాడు గంటల తరబడి తాడు మీద కూర్చుని రెండు చేతులతో పని చేయాలి. అతనికి కావలసింది తొడల కింద పట్టీలుండి, ముందు వైపు, రెండు పక్కలా రింగులున్న కూర్చునే హార్నెస్. కొనేవాళ్లకు ఈ తేడా తెలియదు. కట్టుకున్నవాడికి తెలుస్తుంది కాబట్టి విప్పి పక్కన పడేస్తాడు. తర్వాత ‘బెల్టు ఇచ్చాం, వాడలేదు’ అన్న మాట మిగులుతుంది.

హార్డ్‌వేర్ కొట్టులో దొరికే ప్లాస్టిక్ మోకు కొమ్మలు లాగడానికి పనికొస్తుందేమో గాని మనిషి వేలాడడానికి కాదు. ఎండకు పెళుసెక్కుతుంది, రాపిడి వేడికి కరుగుతుంది. ఎక్కే తాడు 11 నుంచి 13 మిల్లీమీటర్ల మందంతో, 22 కిలోన్యూటన్లకు అంటే దాదాపు 2,200 కిలోల లాగుడుకు తగ్గకుండా తట్టుకోవాలి. తాడును హార్నెస్‌కు తగిలించే కొక్కెం (కారబైనర్) దానంతటదే తాళం పడేది కావాలి, తెరవడానికి కనీసం రెండు మూడు కదలికలు అవసరమయ్యేది. రంపం ఆడించేటప్పుడు మనిషికి రెండు కట్లు ఉండాలి. పైనున్న ప్రధాన తాడు ఒకటి, కాండం చుట్టూ లోపల ఉక్కు తీగ ఉన్న పొట్టి తాడు ఒకటి. ఒకటి పొరపాటున తెగినా రెండోది నిలబెడుతుంది. చెట్టు మీద మనిషి ఉన్నంతసేపూ కింద మరో ఎక్కగలిగినవాడు, తన హార్నెస్ వేసుకుని, తన తాడుతో సిద్ధంగా ఉండాలి. స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడేవాడికి నిమిషాలే ఉంటాయి. ఫైరింజన్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు.

ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తున్న 58 సీసీ పెట్రోలు రంపాలు, అంటే 22 అంగుళాల బార్ (చైన్ తిరిగే పలక) ఉన్న చైన్ సా మెషిన్లు, ఈ మధ్య ప్రతి ముఠా దగ్గరా కనబడుతున్నాయి. నేల మీద దుంగలు ముక్కలు చేయడానికి సరే. ఐదు కిలోలకు పైబడిన ఆ బరువును చెట్టు మీద ఒక చేత్తో ఆడించడం ఆత్మహత్యతో సమానం. బార్ కొసలో పై పావు భాగం కొమ్మకు తగిలితే చైన్ కొరుక్కోలేక బార్ మొత్తం రెప్పపాటులో మొహం మీదికి ఎగురుతుంది. ముందు పిడిని ఎడమ చేతి బొటనవేలు చుట్టి పట్టుకుంటేనే ఆ ఎగురుడులో మణికట్టు ముందున్న బ్రేకు పలకకు తగులుతుంది. చెట్టు మీదికి 12 లేదా 14 అంగుళాల బార్ ఉన్న తేలిక మెషిన్ చాలు, అదీ శిక్షణ ఉన్నవాడికే. నాలుగైదు అంగుళాల కొమ్మ వరకు మంచి చేతి రంపాన్ని మించింది లేదు.

మెషిన్ చెడిపోయేది ఎక్కువగా నూనె దగ్గర. కంపెనీ 50కి 1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు, 25కి 1 అంటే 40 మిల్లీలీటర్లు. కొలవకుండా మూతతో పోస్తే తక్కువైనప్పుడు పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైనప్పుడు ప్లగ్ మసి పడుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మన తేమకు నిలవ ఉంచితే నీరు పీల్చి అడుగున వేరుపడుతుంది, కార్బురేటర్ జిగురెక్కుతుంది. నెలకు మించి నిలవ ఉంచొద్దు, పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి. చైన్‌కు వాడేసిన ఇంజన్ ఆయిలు పోయడం ఇక్కడ అలవాటైపోయింది. అందులోని లోహపు పొడి ఆయిల్ పంపును తినేస్తుంది, ఆ తుంపర పనివాడి ఒంటి మీదే పడుతుంది. కోసేటప్పుడు కలప తునకలుగా రాకుండా పిండిలా పొడి రాలుతోందంటే చైన్ మొద్దుబారిందని అర్థం. దాన్ని నొక్కి కోయబోతే చెయ్యి జారుతుంది. పదును పెట్టడానికి 3/8 అంగుళాల ‘లో ప్రొఫైల్’ (ఎత్తు తక్కువ) చైన్‌కు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 0.325 అంగుళాల చైన్‌కు 4.8 మిల్లీమీటర్లది. ట్యాంకు నింపినప్పుడల్లా ప్రతి పంటికీ రెండు మూడు రుద్దులు చాలు.

చైన్ తగిలినా కోసుకుపోకుండా ఆపే ప్యాంట్లున్నాయి. లోపల పొడవాటి దారాల పొరలుంటాయి. అవి చైన్‌తో పాటు లాగబడి చక్రంలో చుట్టుకుని మెషిన్‌ను ఆపేస్తాయి. ఒకటో తరగతిది సెకనుకు 20 మీటర్ల చైన్ వేగానికి, రెండో తరగతిది 24 మీటర్లకు. గంజాం ఎండలో ఒళ్లంతా ఆ పొర వేసుకుని పని చేయమంటే ఎవరూ చేయరు, నిజమే. నేల మీద కోసేవాడికి ముందు వైపు మాత్రమే పొర ఉన్నది చాలు. తాడు మీద ఉన్నవాడికి కాలు ఎటైనా తిరుగుతుంది కాబట్టి చుట్టూ పొర ఉన్నదే కావాలి. ఉదయం ఆరుకు మొదలెట్టి పదికి దిగిపోయేలా పని కుదుర్చుకుంటే ఎండ సమస్య సగం తీరుతుంది. ఒకసారి చైన్ తగిలిన ప్యాంటు మళ్లీ పనికిరాదు. హెల్మెట్‌కు గెడ్డం కింద పట్టీ లేకపోతే, చెట్టు మీద మనిషి తలకిందులైనప్పుడు ముందు అదే ఊడి పడుతుంది.

కొమ్మను తాడు కట్టి దించే ముందు బరువు లెక్క వేయాలి. అడుగు మందం, మీటరు పొడవున్న పచ్చి దుంగ సుమారు 70 కిలోలు. అదే పొడవు, అడుగున్నర మందమైతే ఆ బరువుకు రెండింతలకు పైనే. అది మీటరు దూరం ఊరికే పడి తాడు మీద ఒక్కసారి ఆగితే తాడు మీదా కప్పీ మీదా పడే జర్కు దాని బరువుకు ఎన్నో రెట్లు. కింద తాడు పట్టుకున్నవాడు చేతికి చుట్టుకోకూడదు. పక్క కాండానికి రెండు మూడు చుట్లు తిప్పి కొద్దికొద్దిగా వదలాలి. తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్లు కలిసి పని చేసే ముఠాల్లో కోతకు ముందు అరిచే మాట ఏదో ఒకటే పెట్టుకోవాలి, కింది నుంచి జవాబు వచ్చాకే రంపం ఆడాలి.

కరెంటు తీగల పక్కన పని దక్షిణ ఒడిశాలో 2021 నుంచి విద్యుత్ పంపిణీ చూస్తున్న టీపీఎస్ఓడీఎల్ నుంచి లైన్ క్లియరెన్స్ (తీగలో కరెంటు ఆపామని రాసిచ్చే) కాగితం చేతికొచ్చాకే మొదలవ్వాలి. ‘లైన్ ఆపించాం, ఎక్కు’ అని ఫోన్లో చెప్పిన మాట చాలదు. ఇళ్ల ఇన్వర్టర్లు, జనరేటర్ల నుంచి ఆపిన తీగలోకి కరెంటు తిరిగి రాగలదు, అందుకే తీగకు రెండు వైపులా ఎర్తింగ్ వేయాలి. 11 కేవీ తీగకు పది అడుగుల లోపు మనిషి గాని, దోటి గాని, అల్యూమినియం నిచ్చెన గాని పోకూడదు. పచ్చి వెదురు దోటి కరెంటును మోస్తుంది, పచ్చి కొమ్మ కూడా అంతే.

తుపాను మర్నాడు పడ్డ చెట్లు కోయడమే ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదం. పడిన కాండం ఒక వైపు వంగి బిగుసుకుని ఉంటుంది. బాగా సాగిన వైపు ముందు కోస్తే విల్లులా విడిపడి కొడుతుంది. నొక్కుకున్న వైపు నిలబడి, ఆ వైపే మందంలో మూడో వంతు లోపు కోసి, తర్వాత సాగిన వైపు నుంచి నెమ్మదిగా పూర్తి చేయాలి. వేళ్లతో సహా పెళ్లగిలిన చెట్టుకైతే కాండం బరువు పోగానే మట్టిముద్దతో సహా వేళ్లు గోతిలోకి తిరిగి కూర్చుంటాయి. ఆ గోతిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, మట్టి తీసేవాడు దిగి ఉంటాడు. ముందు గోతిని చూసి, మనుషుల్ని దూరం పంపి, మొదలు వైపు మీటరున్నర మొండి వదిలి కోయాలి. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత 2001లో ఏర్పడిన ఒడిశా విపత్తు సహాయక దళం ఒడ్రాఫ్ బలగాలకు చెట్లు తొలగించే యంత్రాలూ శిక్షణా ఉన్నాయి. కానీ ప్రతి సందుకూ వాళ్లు చేరలేరు, అక్కడ కోసేది వీధి మేస్త్రీయే.

బ్రిటన్‌లో చైన్ సా నిర్వహణకు, నేల మీద కోతకు, చెట్టెక్కి మనిషిని దించడానికి, తాడు మీద రంపం ఆడించడానికి వేర్వేరు పరీక్షలు, వేర్వేరు సర్టిఫికెట్లు ఉన్నాయి. మనుషుల్ని మోసే తాళ్లు, హార్నెస్‌లు ఆరు నెలలకోసారి నిపుణుడికి చూపించాలని 1998 నాటి నిబంధనలు చెబుతున్నాయి. చెట్టు పని ఎలా చేయాలో బీఎస్ 3998 అనే ప్రమాణం ఉంది. అంత మనకెక్కడ అనొద్దు. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ’ పేరుతో కేరళలో యువకులకు ఎక్కే యంత్రంతో ఆరు రోజుల శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది, దానికి బీమా కూడా కలిపింది. అదే అచ్చు మీద బరంపురం ప్రభుత్వ ఐటీఐలో రెండు వారాల కోర్సు పెట్టొచ్చు. మొదటి వారం నేల మీద మెషిన్, ఆకురాయి, మూడు కోతలు. రెండో వారం తాడు, హార్నెస్, పైనున్నవాణ్ని పది నిమిషాల లోపు కిందికి దించడం. ఈ చివరిది చేసి చూపించలేనివాడికి సర్టిఫికెట్ ఇవ్వకూడదు. పాఠం ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. ఈ పని చేసే ముఠాల్లో చాలామందికి తెలుగే వచ్చు, చాలామందికి చదువు రాదు కాబట్టి పరీక్ష చేతిపనిగానే ఉండాలి.

అంతవరకూ ఆగక్కర్లేకుండా ఈ సీజన్ టెండర్లలోనే కొన్ని వాక్యాలు చేర్చవచ్చు. ఏ చెట్టుకు ఏ కొమ్మ తీయాలో ముందే సున్నం గుర్తు పెట్టి ఫొటో తీసి జత చేయాలి. పది సెంటీమీటర్లకు మించిన కోతకు రాతపూర్వక అనుమతి కావాలి. మోడు చేస్తే బిల్లు చెల్లదు. గూడులో గుడ్లో పిల్లలో ఉన్న చెట్టు ఆ నెల వదిలేయాలి, పెద్ద తేనెపట్టు ఉంటే ముందు దాని సంగతి చూడాలి. కలప విలువ పనివాడి కూలిలో కలపకూడదు. మొదలంటా కొట్టాల్సిన చెట్టుకు అటవీ శాఖ కాగితాలు పని చేయించేవాళ్లే తెచ్చి చూపాలి, మేస్త్రీ మీదికి నెట్టకూడదు. పనిలో దిగే ప్రతి మనిషికీ ప్రధానమంత్రి సురక్ష బీమా ఉండాలి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే కుటుంబానికి రెండు లక్షలు. ఆ 20 రూపాయలు కాంట్రాక్టరు కట్టి, రసీదులు పని మొదలయ్యే ముందు రోజు ఇంజనీరు చేతిలో పెట్టాలి.

ఇట్లు,
చెట్ల పనివారు, పని చేయించేవారు,
బరంపురం, గంజాం జిల్లా